మంచులో మా జేజి కొట్టిన దరువు

మా జేజి పోయిందన్న కబురు మొన్న ప్రొద్దుటూరు బడిలో పాఠం చెబుతుండగా అందింది. జమ్మలమడుగు నుంచి వచ్చిన బస్సు కండక్టరు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు. "మీ జేజి లేదంట పంతులమ్మా. మీ నాయన చెప్పమన్యాడు. ఇదే బస్సు తిరిగి పోతాది, వస్తావా?" చేతిలో సుద్దముక్క ఉన్నదని కూడా చూసుకోకుండా బస్సెక్కాను. చివరి గడియలో పాపం ఎంత భయపడిందో అన్న ఆలోచనే దారి పొడుగునా. నిద్రలోనే పోయిందని ఇంటికి వెళ్ళాక అమ్మ చెప్పింది. అది విన్నాకే నాకు ఏడుపు వచ్చింది.

జేజి అంటే మా నాయన తల్లి. ఊళ్ళో ఆమెను పిరికి ముసలిది అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఉరుమంటే భయం, పామంటే భయం, పోలీసు టోపీ అంటే భయం, ఆఖరికి పోస్టుమాను సైకిలు గంట మోగినా భయమే. మేము బావి వైపు తల తిప్పితే చాలు, కొంగు పట్టి వెనక్కి లాగేది. మా మేనత్తను పులివెందుల దగ్గర ఇచ్చారు. అక్కడ కక్షలున్నాయని ఎవరో అన్నారని ప్రతి మాపూ ప్రార్థనలో ఆమె పేరు రెండుసార్లు చెప్పేది. మేము నవ్వినా కోపం తెచ్చుకునేది కాదు. "భయపడేదానికి దుడ్లేమన్నా కట్టాల్నా? నన్ను భయపడనీండి. మీరు నగుకోండి" అనేది.

పెన్నకు ఇవతలి గట్టున మాకు చిన్న చేను, అందులో బోదగడ్డి కప్పిన కొట్టం, కొన్ని మేకలు, కోళ్ళు. ఏరు దాటితే జమ్మలమడుగు. మేము ప్రార్థనకు పోయే ఏసు గుడి అక్కడే. మా తాత వాళ్ళది తప్పెట కొట్టే ఇల్లు. జాతరకైనా చావుకైనా ముందు నడిచింది వాళ్ళే. తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు, పీనుగుల ముందు మోగిన వస్తువు విశ్వాసుల ఇంట్లో ఉండకూడదని సంఘ పెద్దలు చెప్పారు. ఇక ముట్టనని తాత అందరి ముందూ మాట ఇచ్చాడు. జేజికేమో దాన్ని పారేయాలన్నా భయమే, ఉంచుకోవాలన్నా భయమే. ఆఖరికి జొన్నల కాగు మీద మూతగా బోర్లించి, పైన గోనె కప్పింది. తాత పోయిన తర్వాత కూడా అది అలాగే ఉంది. ఆడవాళ్ళు తప్పెట ముట్టడం ఆ ఇంట్లో ముందు నుంచీ లేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. క్రిస్మస్ ముందర గుడిలో మిషను దొరసాని మాకు ఒక బొమ్మ చూపించింది. ఇంటి కప్పూ చెట్లూ అంతా తెలుపే. వాళ్ళ దేశంలో పండగకు మంచు అట్లా కురుస్తుందట. మేము కూడా గుడిలో తుమ్మకొమ్మ నిలబెట్టి, దానికి ప్రొద్దుటూరు దూది అంటించి మురిసిపోయాం. ఇంటికి వచ్చి చెబితే జేజి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇండ్ల మీద పడతాదా? ఓయమ్మ! ఆ బిడ్డలు యాడ పండుకుంటారో!" ఆ మాపు ప్రార్థనలో దొరసాని దేశం కూడా చేరింది.

పండగ రోజు నాయన, చంకలో తమ్ముడితో అమ్మ, చిన్నాయన కలిసి తెల్లవారుజాము ఆరాధనకు చీకటితోనే బయలుదేరారు. ఏట్లో అంతా ఇసుకే, నడుమ మోకాటి లోతు పాయ ఒకటి. నా కాల్లో ముల్లు దిగి వాచిందని నన్ను జేజి దగ్గర వదిలారు. ఇద్దరం పొయ్యి ముందు కూర్చుని పూర్ణం పెట్టిన ఓలిగలు కాలుస్తున్నాం. తెల్లవారిందని బయటికి వస్తే, బయట ఏమీ లేదు. అంతా మంచే. మేకల దొడ్డి కూడా కనపడలేదు. దొరసాని బొమ్మ మా ఇంటికే వచ్చిందని నేను గంతులేశాను.

అంతలో ఎగువ తోట రైతు గట్టు మీద అరుస్తూ పోయాడు. "ఏరొస్తాందప్పా! కొండల్లో శానా వాన పడింది! ఏట్లో ఎవురన్నా ఉంటే పైకి రాండి!"

అప్పటికి ఆరాధన ముగిసి ఉంటుంది. మావాళ్ళు ఇసుక నడుమ ఉంటారు. నేను కుంటుకుంటూ జేజితో గట్టు దాకా వెళ్ళాను. ఇద్దరం గొంతు చించుకున్నాం. మా కేక మంచును దాటి పోలేదు. ఎక్కడో ఎవరో "ఓ" అన్నట్టు వినిపించింది, ఏ దిక్కునో తెలియలేదు. నీళ్ళ హోరు మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తోంది. "నా బిడ్డలు దోవ తప్పినార్మే" అంటూ జేజి చతికిలపడింది.

ఇంతలోనే లేచి కొట్టంలోకి పోయింది. ప్రార్థన చేసుకోవడానికేమో అనుకున్నాను. ఆమె గోనె లాగి పడేసి తప్పెట తీసింది. జొన్నలు నేలపాలయ్యాయి. ఒక్క దెబ్బ కొట్టి చూసింది. మంచుకు తోలు మెత్తబడి చప్పుడే రాలేదు. పెనం కిందికి దించి, తాత చేసినట్టు తప్పెటను మంట ముందు తిప్పుతూ కాచింది. తొందరలో ఒక అంచు కమిలింది. ఆమె పెదాలు కదులుతుంటే దగ్గరికి పోయి విన్నాను. "దేవుడా, నన్ను కొట్టు. ఈ పొద్దు మాత్రం వద్దు. రేపు కొట్టు."

సంగటి కెలికే తెడ్డు తీసుకుని గట్టెక్కి కొట్టడం మొదలుపెట్టింది. జాతర దరువు, పెళ్ళి దరువు ఆమెకు రావు. తాత కొట్టగా విని విని ఆమెకు పట్టుబడింది చావు దరువొక్కటే. మా ఇంటి ముందు అది మోగుతుంటే నేను చెవులు మూసుకున్నాను.

ఇసుకలో ఏం జరిగిందో అమ్మ తర్వాత చెప్పింది. వాళ్ళు గట్టు అనుకుని నీళ్ళకే ఎదురు నడుస్తున్నారట. దరువు వినగానే నాయన నిలబడిపోయి, "మనింటికాడే! మాయమ్మ పోయిందే!" అని ఆ చప్పుడు వైపుకు అందరినీ లాక్కుని పరుగెత్తాడట. గట్టు చేరేసరికి అమ్మకు నడుము దాకా నీళ్ళు వచ్చాయి. ఏడ్చుకుంటూ మంచులోంచి బయటపడ్డ నాయనకు ఎదురుగా తల్లే కనిపించింది, తప్పెట కొడుతూ. ఆయన అక్కడే కూలబడ్డాడు. ఆ తర్వాత ఆమె చేతిలో ఏముందో చూశాడు.

"ఏందిమా ఇది, పండగ పూట? అందరూ వింటాండారు. ఆపు."

"ఇంకోడు రావాల" అంది జేజి.

చిన్నాయన స్నేహితులతో మాట్లాడి వెనక వస్తానని గుడి దగ్గర ఆగాడట. వచ్చాడో, దిగాడో ఎవరికీ తెలియదు. జేజి కొడుతూనే ఉంది.

ఈ సంగతి తర్వాత సంఘానికి పోయింది. మరో ఆదివారం జేజిని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ఆమె నా భుజం పట్టుకుంది. "తప్పే అయ్యా" అంది. "మల్లా మంచు పడి, మల్లా నా బిడ్డలు ఏట్లో ఉంటే, మల్లా కొడతా." కొన్నాళ్ళు ఆమెకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందకుండా చేశారు. అందుకూ భయపడింది, రోజూ ఏడ్చింది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆమెను పిరికిది అన్నవాళ్ళతో నేను ఈనాటికీ వాదించను, పిరికిదే. అటువంటి పిరికిది ఇంట్లో ఉండబట్టి మా అమ్మ, మా నాయన, మా తమ్ముడు నాకు మిగిలారు.

ఆ పండగ రోజు పొద్దెక్కి మంచు విడిచింది. ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రగా పారుతోంది. దాని మీద మనిషి జాడ లేదు. జేజి చూసింది, తల తిప్పుకుంది, కొట్టింది. అరచెయ్యి తోలు ఊడితే అమ్మ గుడ్డ కట్టింది. ఓలిగలు ఎవరూ ముట్టలేదు. మాపుకు చెయ్యి లేవక, తప్పెట ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. చిన్నాయన పేరు ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మరుసటి రోజు నీళ్ళు తగ్గాక ఒక మనిషి తల మీద మూటతో, రొమ్ము లోతున ఏరు దాటుకుంటూ వచ్చాడు. చిన్నాయనే. ఆయన అసలు ఏట్లో దిగనే లేదు. ఆవలి గట్టున ఉండగా దరువు విన్నాడు. అది తన తండ్రి దరువు, వస్తున్నది తమ ఇంటి నుంచి. ఇంకేముంది, తల్లి పోయిందనుకున్నాడు. దాటలేక రాత్రంతా గట్టున ఏడ్చి, తెల్లవారి అంగట్లో పీనుగు మీద కప్పే తెల్లటి కొత్తగుడ్డ, చామంతి దండ కొనుక్కుని వచ్చాడు.

జేజి కొడుకును చూసి చేతులు చాచి పరుగెత్తింది. దగ్గరికి పోయాక మూటలో తెల్లగుడ్డ, దండ కనబడ్డాయి. అక్కడికక్కడే ఆగిపోయింది.

"ఎవురు పోయినార్రా నాయనా?" అంది.

చిన్నాయన తల మీది మూట దించాడు. ఒంటి మీది నీళ్ళు కారుతుంటే, మూట రెండు చేతులా అలాగే పట్టుకుని, ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.