క్యూబిట్ వ్యాసంలో నేను చదవని ఆరో పేజీ

నకిరేకల్‌లో మా లైబ్రరీకి వచ్చే పేపరును ఎవరూ మొత్తంగా పట్టుకొని కూర్చోరు. పొద్దున రాగానే విప్పి, మనిషికో కాగితం పంచుకుంటాం; అయిపోయినంక మార్చుకుంటాం. పదో తరగతి తప్పి మోటర్ వైండింగ్‌లో పడ్డ నేను సైన్స్ నేర్చుకున్నది ఆ కాగితాల్లోనే. ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేవాణ్ణి.

రెండేండ్ల కింద ఒకనాడు నా వంతుకు వచ్చిన కాగితంలో క్వాంటం కంప్యూటర్ మీద వ్యాసం ఉంది. నల్లగొండలో బీఎస్సీ చదివే నా బిడ్డ ఆ వారమే కాలేజీ సెమినార్‌లో దాని మీదనే మాట్లాడాలి. అందుకే రెండుసార్లు చదివాను. విపరీతమైన చలిలో ఉంచిన చిన్న సర్క్యూట్, అదే క్యూబిట్; దాని శక్తికి రెండు మెట్లు, కిందిది సున్నా, పైది ఒకటి. దాంట్లో కరెంటుకు అడ్డే ఉండదు. అయినా చుట్టూ ఉన్న తీగలు, పొరల్లోని సన్నని లోపాలు దాని శక్తిని లాగేస్తాయట. పై మెట్టు మీద ఉండాల్సింది లెక్క పూర్తికాకముందే కింది మెట్టుకు పడిపోతుందట. స్విచ్ ఆపిన ఫ్యాన్ మెల్లగా ఆగుతుంది. ఇది ఒక్కసారే దిగుతుంది, ఎప్పుడు దిగేదీ ముందే చెప్పలేం.

అడుగున ‘మిగతా ఆరో పేజీలో’ అని ఉంది. ఆ కాగితం ఒక రిటైర్డ్ సారు చేతిలో ఉంది. ఆయన టెండర్ ప్రకటనలు కూడా వదలడు. కాసేపు చూశాను. విషయం అర్థమైంది కదా అనుకొని లేచి వచ్చేశాను.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన బిడ్డకు అంతా వివరించాను. రాసుకుంటూ ఆగింది.

“చుట్టున్నది చెడగొట్టుడేనా బాపూ? పనికొచ్చేది ఏం లేదా?”

“గంతే బిడ్డా. రాసుకో.”

ఒక లెక్క అయిపోయినంక క్యూబిట్‌ను మళ్లీ సున్నాకు ఎట్లా తెస్తారని సెమినార్‌లో మేడం అడిగిందట. చుట్టూ ఉన్నదాని సాయం తీసుకోవచ్చా అంటే, అది చెడగొట్టుడే తప్ప సాయం చెయ్యదని నా బిడ్డ వాదించిందట. ఎవరు చెప్పారంటే, ‘మా బాపు’ అన్నదట. మోటర్లు చుట్టే బాపా అని వెనక బెంచీలో ఎవరో అంటే అందరూ నవ్వారట. ఇంటికి వచ్చి ఇదంతా చెప్పి, ఒక్క మాట అడిగింది.

“మొత్తం చదివినవా బాపూ?”

లేదన్నాను.

మర్నాడు పాత పేపర్ల కట్టలోంచి ఆరో పేజీ తీయించుకున్నాను. శక్తి చుట్టూ ఉన్నదాంట్లోకి పోయే దారిని కావాలనే తెరిచి, వాడిన క్యూబిట్‌ను తొందరగా కింది మెట్టుకు దించుతారట. దిగినంక ఆ దారి మూసేస్తారట. మేడం అడిగినదానికి జవాబు అక్కడే ఉంది. చేత్తో రాసి తెచ్చి ఇచ్చాను.

“ఆడ పెట్టు బాపూ, చూస్త.”

ఆ కాగితం టీవీ పక్కన చాలా రోజులు మడత విప్పకుండానే ఉంది.

ఇప్పుడు ఆమె ఎమ్మెస్సీ. మొన్న సెలవులకు వచ్చి, నేను పని చేసుకుంటున్న అరుగు మీద కూర్చొని ఫోన్‌లో దోస్తుకు ఇదే పాఠం చెప్తోంది. కాస్త వేడి తగిలితే క్యూబిట్ పై మెట్టుకు కూడా ఎక్కుతుందా అని మధ్యలో ఆగింది. ఎక్కుతుంది. అది కూడా ఆరో పేజీలో ఉంది. చుడుతున్న కాయిల్ పక్కన పెట్టి ఆమె వైపు చూశాను. ఒక్క నిమిషం ఆగమని దోస్తుకు చెప్పి, ఫోన్‌లో వెతుక్కుంటూ లోపలికి పోయింది.