ఆమె చేతులు, నా కాళ్లు

మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు నాకు పెద్దగా బాధ అనిపించలేదు. అరవై నాలుగేళ్ల మోకాళ్లు అరగక కొత్తగా మొలుస్తాయా? కానీ ఆయన మందుల చీటీ రాస్తూ, తల కూడా ఎత్తకుండా, "కాలుమిషన్ తొక్కుడు బంద్ చెయ్యాలె" అన్నప్పుడు మాత్రం, దవాఖాన బల్ల మీద వేలాడుతున్న నా కాళ్లు వాటంతటవే ఒకసారి ముందుకూ వెనక్కూ ఆడాయి. ఆ వారమే మా కోడలిని వెంటబెట్టుకుని గోదావరిఖని బజారుకు కరెంటు కుట్టుమిషన్ కొనడానికి వెళ్లాను. చీరలకు ఫాల్సు కుట్టి, జాకెట్లకు హుక్కులు వేసి దాచుకున్న డబ్బు కొంగున ఉంది. అది గొప్పగా చెప్పుకునేంత ఎక్కువ కాదు, సిగ్గుపడేంత తక్కువా కాదు.

దుకాణంలో మిషన్లు తెలుపు, గులాబీ రంగుల్లో బడిపిల్లల టిఫిన్ డబ్బాల్లా ఉన్నాయి. ఇనుప ఒళ్లు చూసిన కళ్లకు అవి కుట్టే వస్తువుల్లా అనిపించలేదు. ఒకటి బటన్ నొక్కితే దానంతటదే పూలు కుడుతుంది. మా కోడలు దాని ముందు నుంచి కదల్లేదు. దాని ధర నా కొంగుముడి కంటే బాగా పైన ఉంది. దుకాణం అతను మంచివాడు, మా పెద్దకొడుకు వయసు ఉంటుంది. "పాత మిషన్ ఉంటే తెండ్రి అవ్వా, దాన్ని తీస్కోని రేటు తగ్గిస్త" అన్నాడు.

"ఇంకేంది అత్తమ్మా, మూలకున్న ఇనుమే గదా" అంది కోడలు.

బాగుచేయడానికి ఎవరో తెచ్చి ఇచ్చిన నల్ల మిషన్ ఒకటి గోడ వారన ఉంది. అచ్చం మా దానిలాగే, మెడ మీద బంగారు గీతలు సగం చెరిగిపోయి. నా చూపు దాని మీద పడింది. పడ్డ చూపు ముప్పై ఎనిమిదేళ్లు వెనక్కి పోయింది.

అప్పుడు మేము బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు ఒక చిన్న వాకిలి. మా ఆయన బావిలో బొగ్గు పని. నాకు ఇద్దరు పిల్లలు, ఒకడు నడిచేవాడు, ఒకతి పాకేది. మాతో పాటు మా ఆయన అక్క, నాకు వదిన, ఉండేది. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఆమె కాళ్లు రెండూ బలం తప్పాయి, ఎడమకాలు మరీ సన్నబడిపోయింది. ఆ మోకాలి మీద చెయ్యి ఆన్చి నొక్కుకుంటూ నడిచేది. కట్టుకున్నవాడు ఏడాది తిరగకుండానే ఇంకో ఆమెను తెచ్చుకుంటే, ఒక రేకుపెట్టె పట్టుకుని తమ్ముడింటికి వచ్చేసింది. క్రైస్తవ మిషనరీల హాస్టల్లో చదువుకుంది కాబట్టి ఆమెకు అక్షరాలు వచ్చు, కీర్తనలు వచ్చు, గుడ్డ కత్తిరించడం వచ్చు. హాస్టల్లో చేతిమిషన్ మీద నేర్చుకుందట. ఆమె కత్తెర పట్టుకుంటే గుడ్డ తనంత తానే దారి ఇచ్చినట్టు ఉండేది. నాకు ఆ రోజుల్లో చదువూ లేదు, కుట్టూ లేదు. గట్టి కాళ్లు మాత్రం ఉండేవి.

ఇంటింటికీ తిరిగి చేతికుట్లు కుట్టి ఆమె కొంత డబ్బు కూడబెట్టింది. ఒకరోజు అన్నం తింటున్న తమ్ముడి ముందు దాన్ని పెట్టి, "తమ్మీ, చేతిమిషన్ ఒకటి తెచ్చియ్యి. కమాన్‌పూర్‌ల చర్చి పక్కపొంటి అర్ర కిరాయికి దొర్కుతది. నా బతుకు నేను బతుకుత" అంది. మా ఆయన చెయ్యి కడుక్కుని ఆ డబ్బును దాచమని నాకిచ్చాడు. తర్వాత సరే అన్నాడు. నాకు మాత్రం భయమేసింది. ఆమె పోతే ఆయన డ్యూటీలో ఉన్న వేళల్లో ఆ రెండు గదుల్లో నేను ఎవరితో మాట్లాడాలి? పిల్లకు ఒళ్లు కాలితే ఎవరిని లేపాలి? అలా అని ఉండిపొమ్మని అడగడానికి నోరు రాలేదు. మేము అప్పటికి రోజుకు రెండు పూటలా పోట్లాడుకునేవాళ్లం మరి.

మా దగ్గర మనిషి రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. అలా చేసేటప్పుడు ముప్పై ఏళ్ల సంసారం వాకిట్లోకి వస్తుంది. మంచాలు, డ్రమ్ములు, కోళ్లగూడు, అన్నీ చవకగా ఇచ్చేస్తారు. అదే వారం వెనక క్వార్టర్ల లైనులో ఒకాయన ఖాళీ చేస్తుంటే అక్కడ ఒక కాలుమిషన్ కనబడింది. ఇనుప స్టాండు, కింద పళ్లెమంత పెడలు. మా ఆయన రెండో షిఫ్టులో ఉన్నాడు. వదిన డబ్బు నా చేతిలోనే ఉంది, రేపు బజారులో చేతిమిషన్ తేవాలని. నేను నేరుగా పోయి ఆ డబ్బు పెట్టి కాలుమిషన్ కొన్నాను. తెలిసే కొన్నాను. పెడలు తొక్కలేని మనిషి దాన్ని పట్టుకుని కమాన్‌పూర్ పోలేదని తెలిసే కొన్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"చేతిమిషన్ ఒక చెయ్యిని మింగుతది. కుట్టేటోళ్లకు రెండు చేతులుండాలె" అని మా ఆయనకు నచ్చజెప్పాను. "మరి అక్క కాలు?" అన్నాడాయన. "నేను తొక్కుత" అన్నాను.

వదిన వాకిట్లోకి వచ్చి ఆ మిషన్‌ను చూసింది. పెడలును చూసింది. నన్ను చూసింది. నేను చంకలో పిల్లను సర్దుకున్నాను. "మంచి ఇనుము. నూనె మొఖం సూసి ఎన్నేండ్లాయెనో" అని మాత్రం అని, పాత గుడ్డపీలిక కోసం లోపలికి పోయింది.

అలా మొదలైంది మా కుట్టుపని. ఒక్క మిషన్ ముందు రెండు పీటలు. చేతులు ఆమెవి, కాళ్లు నావి. గుడ్డ ఆమె నడిపేది, చక్రం నేను నడిపేదాన్ని. మొదటి నెల ఆమె "ఆపు" అన్న నాలుగు కుట్లకు నేను ఆగేదాన్ని. పక్క క్వార్టరు అక్క గోడ మీంచి చూసి, "ఇంజినొకరు, డ్రైవరొకరు. టికెట్లు ఎవలు కొడ్తరే?" అని నవ్వేది. నెమ్మదిగా మాట అవసరం తీరిపోయింది. ఆమె భుజం కొంచెం వంగితే మూల తిరుగుతుందని నా పాదానికి తెలిసేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు వేళకు ఇద్దరమూ ఒకేసారి ఆగేవాళ్లం. ఆ అదురుకు కుట్టు వంకర పోతుందని. దసరా బోనసు పడిందంటే లైనులో ఆడవాళ్లందరి జాకెట్లూ మా మంచం మీదే. అది కాగానే క్రిస్మస్ గౌన్లు. బొగ్గుదుమ్ము పడకుండా తెల్లగుడ్డను దుప్పటిలో చుట్టి, కావలసినంత మేరే బయటికి తీసి కుట్టేవాళ్లం, బాలింత పసిబిడ్డను చూపించినట్టు.

కోపం వస్తే మాత్రం అది నా కాళ్లలోకి వచ్చేది. ఒకసారి చుట్టాల ముందు నా కూరకు వంక పెట్టింది. మర్నాడు మిషన్ మీద కూర్చున్నాక కూడా నాకు చల్లారలేదు. "మెల్లగ" అంది. నేను ఇంకా గట్టిగా తొక్కాను. సూది ఆమె చూపుడువేలు గోటిలోంచి దిగిపోయింది. ఆమె అరవలేదు. ఇంకో చేత్తో చక్రాన్ని తానే తిప్పి సూదిని పైకి తీసుకుంది. షిఫ్టు దిగి వచ్చిన తమ్ముడు అడిగితే, "ధ్యాస తప్పింది తమ్మీ" అంది. మర్నాడు ఆ వేలికి గుడ్డ చుట్టుకుని మళ్లీ నా పక్కన కూర్చుంది. తన చేతిని మళ్లీ నా కాళ్లకు అప్పగించింది. ఆ తర్వాత మేము పోట్లాడుకోలేదని చెప్పను. మిషన్ మీద మాత్రం పోట్లాడుకోలేదు.

ఇరవై ఆరేళ్లు అలా గడిచాయి. ఆమె పోయి పన్నెండేళ్లు. అందరి కొలతలూ ఆమె నోటుబుక్కులో ఉండేవి. అది చదవడానికే నేను యాభై రెండేళ్ల వయసులో మా మనవరాలి పలక ముందు కూర్చున్నాను. నేను తడబడకుండా చదివిన మొదటి వాక్యం, "కాంపౌండరు భార్య చంకలో బిగువు వద్దంటది, తర్వాత వదులంటది." చదివి నవ్వాను. నవ్వుతుంటే పక్కపీట ఖాళీగా కనిపించింది.

దుకాణం అతను నా చూపు చూసి ఆ నల్ల మిషన్ దగ్గరికి వచ్చాడు. "మీది గిట్లాంటిదేనా అవ్వా? అయితే కొత్తది గూడ ఎందుకు? దీనికే మోటార్ బిగిస్త. ఇగో, ఈడ" అని చక్రం కింద, మిషన్ ఒంటికి ఉన్న ఒక బెజ్జం చూపించాడు. "వెనుకట చేతిపిడి గూడ ఈడనే బిగిస్తుండిరి. తలకాయ ఇప్పి చెక్కపెట్టెల పెట్టి పిడి తగిలిస్తే చేతిమిషనే. గంట పని. పెద్ద ఖర్చు గూడ కాదు."

"అప్పట్ల గూడనా?" అన్నాను.

"అప్పట్లనే గదా అవ్వా. చేతిమిషన్ మీద కుట్టినోళ్లకు ఎవలకైనా ఎర్కే."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. మా మిషన్‌కూ ఉన్న ఆ బెజ్జంలో చేరిన దుమ్మును వదిన పిన్నీసుతో తీసేది. ఇది ఎందుకు వదినా అని ఒకసారి అడిగితే, "మిషన్ ఊపిరి పీల్సుకునే ముక్కు" అంది. నేను నమ్మాను. హాస్టల్లో చేతిమిషన్ విప్పి నూనె పెట్టిన మనిషికి అది దేనికో తెలియదా? ఏడాదికోసారి వచ్చే మెకానిక్ మా వాకిట్లో చాయ తాగి పోయేవాడు. పిడి బిగించమని అతన్ని ఒక్క మాట అడిగి ఉంటే ఆమె కమాన్‌పూర్ వెళ్లిపోగలిగేది. ఇరవై ఆరు దసరాలు వచ్చి పోయాయి. అడగలేదు. నా కోసం ఉండిపోయిందా? పిల్లల కోసమా? లేక మాట్లాడే మనిషి లేని అర్రను తలుచుకుని తానూ భయపడిందా?

"పాతది ఇయ్యను" అని కోడలితో చెప్పాను. పూలు కుట్టే మిషన్‌ను వదిలేసి, తిన్నని కుట్టు మాత్రమే వేసే చిన్న తెల్ల మిషన్ తీసుకున్నాను. కోడలు దారంతా మూతి ముడుచుకుంది. ఇంటికొచ్చాక, "దాన్ని ఉంచుకోని ఏం జేస్తవు అత్తమ్మా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

కొత్త మిషన్ బాగానే కుడుతుంది. వేలితో నొక్కితే పోతుంది, తీస్తే ఆగుతుంది. ఇంకో మనిషి అక్కర్లేదు. ఇన్నేళ్లూ నేను ఆమెను కదలకుండా చేశానన్న తప్పును మోశాను. ఆ బరువు నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఆమె ఇష్టపడే ఉండిపోయిందేమోనన్న ఆశ పుట్టింది. తప్పు ఎన్నేళ్లయినా చెప్పిన చోట కూర్చుంటుంది. ఆశ అలా కాదు. రోజూ పొద్దున్నే లేచి, పోయిన మనిషిని మళ్లీ కొత్తగా వెతకడం మొదలుపెడుతుంది, వెతకడానికి నాకు ఇంకా చాలా కాలం ఉన్నట్టు.