ఇరవై తొమ్మిదో పాసుబుక్కు

మొన్న సోమవారం ఒడిశా నుంచి వచ్చిన దంపతులు వెనక గది కిరాయికి అడిగారు. మాట కుదిరాక అతను ఒక ప్లాస్టిక్ సంచి నా చేతిలో పెట్టాడు. "మా అసలు ఆధార్ కార్డులు, అమ్మా. పాత ఓనర్ కూడా పెట్టుకునేటోడు." బట్టల పెట్టెలో దాచినవేమో, గుప్పున డాంబరు గోళీల వాసన వచ్చింది. నర్సయ్య సారు గుర్తొచ్చారు.

1986లో గడ్డపోతారం దగ్గర, ఫ్యాక్టరీలకు కూలీలను తెచ్చే ఒక కాంట్రాక్టరు దగ్గర నేను రాతపని చేసేదాన్ని. మా ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు. ఒడిశా కూలీలు నలభై ముగ్గురు. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన ప్రతి కూలీకీ ఫోటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలని, అది అతని దగ్గరే ఉండాలని చట్టం. మా దగ్గర మాత్రం అన్నీ ఇనుప బీరువాలో ఉండేవి. ఒకటి నుంచి నలభై మూడు దాకా వరుసగా, మధ్యలో డాంబరు గోళీలు వేసి పెట్టేదాన్ని. మూడేళ్ళలో ఒక్కటి పోలేదు, ఒక్క అంచు నలగలేదు. అది నా గర్వం.

నర్సయ్య గారు సంగారెడ్డి నుంచి తనిఖీకి వచ్చే లేబర్ ఇన్‌స్పెక్టరు. బస్సులో, ఒక్కరే, భుజాన నీళ్ళ సీసాతో వచ్చేవారు. "సార్, మా చాయల విషం గిట్ల కలిపినమా?" అని కాంట్రాక్టరు నవ్వితే, "తాగితె నా కలం నడవదు," అనేవారు. ఎవరూ ఆయన పక్కన కూర్చునేవారు కాదు.

మొదటిసారి బీరువా తెరిచి చూపించి, మెప్పు కోసం నిలబడ్డాను.

"మంచిగ సర్దినవమ్మా. గని ఇవి ఎవరియి?"

"లేబరోళ్ళయి, సార్."

"మరి నీ దగ్గరెందుకున్నయ్?"

"వాళ్ళకిస్తె తడుపుతరు, పోగొట్టుకుంటరు."

"పోగొట్టుకుంటె వాళ్ళే పోగొట్టుకుంటరు. వాళ్ళయి గద."

ఆయన ఎదుటే అన్నీ పంచాం. ఆయన బస్సెక్కగానే కాంట్రాక్టరు మళ్ళీ తెప్పించాడు. నేనే వరుస తప్పకుండా సర్దాను.

ఆ వానాకాలం యాసిడ్ డ్రమ్ము పగిలి ఒకతని కుడిచెయ్యి కాలింది. అతన్ని సంగారెడ్డి దవాఖానలో వదిలేసి వచ్చారు. "వాడు మనోడు కాదు. నెల కిందనే పని ఇడిచి పోయిండని రాయి, సుగుణమ్మా. ఆ బుక్కు పొయ్యిల వెయ్యి," అన్నాడు కాంట్రాక్టరు. ఆ నెల రిజిస్టరు అతని పేరు లేకుండా కొత్తగా రాశాను. నంబర్లు జరపడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఇరవై ఎనిమిది తరువాత ముప్పై వేశాను. పాసుబుక్కు కాల్చకుండా టిఫిన్ సంచి అడుగున పెట్టుకున్నాను. ధైర్యం కాదు. నలభై మూడు ఉండాలి, అంతే.

మూడో రోజు తనిఖీకి వచ్చిన నర్సయ్య సారు వేలు రిజిస్టరులో ఆ ఖాళీ దగ్గర ఆగింది. కాంట్రాక్టరు ఫోను కోసం బయటికి వెళ్ళాకే అడిగారు.

"ఇరవై తొమ్మిది ఏదమ్మా?"

సంచిలో చెయ్యి పెట్టాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు. "నాకియ్యకు. నేను బెదిరించి గుంజుకున్ననంటరు. అది ఆయనది. ఆయనకే ఇయ్యి."

"నా నౌకరి పోతది, సార్."

"పోతది," అన్నారు. కాదని అబద్ధం చెప్పలేదు.

మర్నాడు దవాఖానకు వెళ్ళాను. "ఎవరు కావాలె?" అని నర్సు అడిగితే నా నోటికి వచ్చింది ఇరవై తొమ్మిదే. మూడేళ్ళు హాజరు వేసిన మనిషి పేరు నాకు గుర్తు లేదు. పాసుబుక్కు తీసి చదివాను. దయానిధి. అతని ఎడమచేతి కింద పెట్టాను. తన ఫోటోను చాలాసేపు చూసుకొని, "ఇది నేను ఉంచుకోవచ్చా?" అని హిందీలో అడిగాడు.

దయానిధి ఆ పుస్తకం నర్సయ్య సారుకు చూపించాక కాంట్రాక్టరు కాదనలేకపోయాడు. వైద్యం ఖర్చు, నష్టపరిహారం ఒప్పుకోవలసి వచ్చింది. అదే వారం నన్ను తీసేశాడు. నాతో కలిసి తిన్నవాళ్ళు బస్టాపులో ముఖం తిప్పుకున్నారు.

రెండు నెలల తరువాత సంగారెడ్డి బస్టాండులో నర్సయ్య సారు ఒక్కరే కూర్చొని చద్ది తింటూ కనిపించారు. బదిలీ అయిందట. "ఎక్కడ చేస్తున్నవమ్మా?" అని అడిగారు. "ఎక్కడ లేదు, సార్." అయ్యో అనలేదు. సంచి జరిపి బెంచీ మీద చోటిచ్చి, తన సీసా నా వైపు పెట్టారు. ఎవరి నీళ్ళూ ముట్టని మనిషి. నేను తాగాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆ బెంచీ మీదే కూర్చున్నాం. మళ్ళీ ఆయనను చూడలేదు.

మొన్నటి సంచి అతనికే తిరిగి ఇచ్చాను. "మరి మా మీద మీకు భరోసా, అమ్మా?" అని భార్య బెరుకుగా అడిగింది. పేర్లు అడిగాను. పాల లెక్క కూడా రాసుకునే నేను వాటిని రాసుకోలేదు. అతను సుదామ, ఆమె జెమా. రోజూ పొద్దున్నే మనసులో ఒకసారి అనుకుంటున్నాను. నా బీరువా పై అర ఖాళీగానే ఉంది.