దేసాంకా మూడో మలుపు

మా పక్క వాటాలో ఉండే దేసాంకా ముప్పై ఏళ్లు నిష్ నగరంలో సిటీ బస్సు నడిపింది. రిటైరయ్యాక కూడా స్టీరింగు మీద మోజు తీరక, ల్యాప్‌టాప్‌లో కార్ల పందేలు మొదలుపెట్టింది. మా ఎదుటి వాటాలో ఉండే మిలోయె కూడా ఆవిడ డిపోలోనే డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. మధ్యాహ్నం కాఫీ తాగి ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఆన్‌లైన్‌లో పోటీ పడేవారు. ఓడేది ఎప్పుడూ దేసాంకాయే.

"మూడో మలుపులో తెర మీద బొమ్మ ఆగిపోతోంది. లేకపోతే నీ సంగతి చెప్పేదాన్ని," అనేది బాల్కనీలోంచి.

"నీ ల్యాప్‌టాప్‌కి గుండెపోటు సరిగ్గా నేను దాటేటప్పుడే వస్తుందేంటో," అనేవాడు మిలోయె.

ఆ మాట పడలేక ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకుని రిపేరు దుకాణానికి వెళ్లింది. దుకాణందారు యాస్మినా అడుగు మూత విప్పి చూసింది.

"పిన్నీ, ఇందులో ఉన్నది నాలుగు జీబీల ర్యామ్ ఒక్కటే. ఆట దానిలో పట్టక, మిగతాది డిస్కులోంచి తెచ్చుకుంటోంది. అందుకే ఆగుతోంది. అది తీసేసి ఎనిమిది జీబీలవి రెండు వేస్తాను. ఆగడం పోతుంది, ఆట కొంచెం చురుగ్గానూ నడుస్తుంది."

"గెలుస్తానా మరి?"

"దానికి నా దగ్గర పార్టు లేదు పిన్నీ."

మర్నాడు దేసాంకా బూరెక్ అనే పొరల రొట్టె కాల్చి మిలోయెను, నన్ను పిలిచింది. ఆవిడ ఆడుతుంటే మేం వెనక నిలబడి చూశాం. బొమ్మ ఎక్కడా ఆగలేదు, నూనె మీద జారినట్టు సాగింది. మూడో మలుపు వచ్చింది. కార్లన్నీ ఆవిడను దాటుకుని దూసుకుపోయాయి.

"బ్రేకెందుకు వేశావు?" అన్నాడు మిలోయె.

"మలుపు కదా. నిలబడ్డ ప్రయాణికులు పడిపోరూ?"

"రేసు కారులోనా?"

ఇన్నాళ్లూ బొమ్మ ఆగిపోతుండడంతో ఆ బ్రేకు ఎవరికీ, ఆఖరికి దేసాంకాకు కూడా, కనపడలేదు. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆ పూట బూరెక్ ముట్టలేదు.

రెండు రోజులకు మళ్లీ పిలిచింది. ఈసారి తెర మీద ఉన్నది జర్మన్‌వాళ్లు చేసిన సిటీ బస్సు ఆట. వీధి నిండా జనం, బస్సు నిండా జనం. పాత ర్యామ్‌తో ఇది తెరుచుకునేదే కాదట. ప్రయాణికులు తూలకుండా నడిపితేనే మార్కులు. దేసాంకా పన్నెండు స్టాపులు దాటింది, ఒక్కరూ తూలలేదు. తెర మీద ఐదు నక్షత్రాలు వెలిగాయి. ఆవిడ లేచి మిలోయెకు కుర్చీ ఇచ్చింది.

మిలోయె రెండో స్టాపులో వేసిన బ్రేకుకు బస్సంతా ముందుకు తూలింది. బస్సులోని ఓ ముసలావిడ చెయ్యి ఊపుతూ జర్మన్‌లో ఏదో అరిచింది.

"ఏమంటోంది?" అన్నాడతను.

దేసాంకాకు జర్మన్ ముక్క రాదు. అయినా తాపీగా చెప్పింది. "మీ డిపోలో బస్సు నడిపే ఆడవాళ్లు లేరా నాయనా, అని అడుగుతోంది."