పసరు తాగి మళ్లీ రానివాళ్లు

మా గల్లీ మలుపులో బట్టలు కుట్టే నా స్నేహితుడు మొన్నటి వానాకాలంలో ఎడమకాలికి చెప్పు వేసుకోవడం మానేశాడు. నేను గమనించలేదు. నలభై ఏళ్లుగా పొద్దున్నే ఒకే బండి దగ్గర చాయ్ తాగే ఇద్దరం, ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం గాని కాళ్లు చూసుకోం.

ఒకనాడు అతని భార్య మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడింది. ఎప్పుడూ లోపలికి వచ్చి కూర్చునే మనిషి.

"అన్నా, జర మీరొచ్చి ఆయనకు చెప్పాలె. కాలు వాసనొస్తాంది. నా మాట ఇంటలేడు."

"వాసనేంది చెల్లె?"

"చిటికెన వేలుకు పుండైంది. మిషన్ కింద ఇనుము గీసుకపోయిందట. నొప్పే తెలుస్తలేదంటాండు. షుగర్ గోలీలు బంజేసి రెండు నెలలైతాంది."

అతనికి చక్కెర జబ్బు ఉందని నాకు తెలుసు. గోలీలు ఆపాడని తెలియదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయలుదేరాను.

నన్ను చూడగానే కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. "వచ్చినవా భాయ్? మా ఇంటి పోలీసు పంపిచ్చిందా?"

"కాలు చూపియ్యి."

"కాలేం చూస్తవ్, నేనేమన్న పెండ్లికొడుకునా? కూసో, చాయ్ పెడ్తది."

"తమ్మీ, కాలు చూపియ్యి."

లుంగీ పైకి జరిపాడు. చిటికెన వేలు నల్లబడింది. పక్క వేలు కూడా ఉబ్బి నిగనిగలాడుతోంది. దగ్గరికి వంగితే ఆమె చెప్పిన వాసన నాకూ తగిలింది. అతను మాత్రం ఆ కాలు వేరెవరిదో అయినట్టు కూర్చున్నాడు.

తర్వాత ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. తెల్లబట్టల మనిషి ఒకడు అరటిచెట్టు ముందు కూర్చుని మాట్లాడుతున్నాడు. మీ చక్కెర అసలు రోగమే కాదు, మీరు మింగే గోలీలే రోగం అంటున్నాడు. గోలీలన్నీ ఆపి, మూడు నెలలు ఆకు కషాయం తాగి, తాను అమ్మే పొడి వేసుకోవాలట. ఆ పొడి డబ్బా కొరియర్‌లో వచ్చి మిషన్ పక్కనే కూర్చుని ఉంది.

"రెండు నెలలు అయిపోయింది భాయ్. ఇంకొక్క నెల. నడుమల ఇడిస్తే తాగిందంత దండుగైతదట."

"మరి ఈ పుండు?"

"లోపలున్న చెడు బయటికి ఎల్లుతాందట. ఎల్లాల్నట. అదిగూడ చెప్పిండు."

నాకు ఒళ్లు మండింది. జబ్బు పెరిగితే మందు పనిచేస్తున్నట్టు, తగ్గితే మందే తగ్గించినట్టు, మధ్యలో ఆపితే తప్పు తాగినవాడిది! ఎటు తిరిగినా తాను ఓడిపోని ఆట ఆడుతున్నాడు ఆ తెల్లబట్టలవాడు. నేను గట్టిగానే అరిచాను. వాణ్ని తిట్టాను, ఇతణ్నీ తిట్టాను. అతను అంతా విని, ఏ కోపమూ లేకుండా ఒక్క మాట అడిగాడు.

"నా కండ్లు పసుపు ముద్దలైననాడు నన్ను ఏ డాక్టర్ లేపిండు భాయ్? నీ పసరు గాదా లేపింది? ఆనాడు ఆకు పనిచేసింది. ఈనాడు ఆకు పనిచేయదా?"

అరుస్తున్నవాణ్ని పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

నిజమే. నేను పచ్చకామెర్లకు పసరు ఇచ్చినవాణ్ని. మా పెదనాన్న నుంచి నాకు వచ్చింది. ఆదివారం తెల్లారకముందే చెలక గట్టుకు వెళ్లి ఆకు తెంపాలి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకూడదు. దంచి, గుడ్డలో పిండి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వాలి. మూడు ఆదివారాలు. నూనె, కారం, మాంసం ముట్టకూడదు. ఇంగ్లీషు మందు అసలే మింగకూడదు. పైసా తీసుకోకూడదు. నయమైనవాళ్లు కొబ్బరికాయో బెల్లమో పట్టుకొచ్చి చెప్పిపోతారు. అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉంది. మందు ఇచ్చినవాడు తగ్గిందా అని తనంతట తాను అడగరాదు. అడిగితే చేతిలో మహిమ పోతుంది. మా పెదనాన్న ఆఖరిసారి పడుకున్న మంచం మీద నుంచి నా మణికట్టు పట్టుకుని చెప్పిన మాట ఇది. ఆకు పేరు కన్నా ముందు ఈ మాటే చెప్పాడు.

ఏళ్ల తరబడి ఇచ్చాను. పొద్దున లేచేసరికి అరుగు నిండా జనం. గుడికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు, చర్చి బట్టలు వేసుకుని అటునుంచి అటే ప్రార్థనకు పోయేవాళ్లు. పచ్చటి కళ్లకు మతం లేదు. వారాల తర్వాత కొబ్బరికాయలు వచ్చేవి. మా ఇంట్లో కొబ్బరి పచ్చడి లేని రోజు అరుదు. ప్రతి కొబ్బరికాయా నా మందు గొప్పతనానికి సాక్ష్యంలా కనిపించేది. రానివాళ్ల సంగతి నా మనసుకే రాలేదు. వాళ్లను తలుచుకోవద్దనే కదా నియమం.

ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఎందుకంటే నా బతుకుతెరువు అంతా ఎనుమాముల మార్కెట్‌లో, రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తి కొట్టులో. బస్తా చూసి సరుకు ఎట్లాంటిదో చెప్పడం నా పని. బస్తా మూతి దగ్గర ఎవరైనా ఎర్రటి కాయలే పెడతారు. తెల్లబడ్డ తాలుకాయ అడుగున ఉంటుంది. అందుకని నేను ఏ బస్తానూ పైన చూసి ధర చెప్పనిచ్చేవాణ్ని కాదు. నేల మీద గుమ్మరించమనేవాణ్ని. ఎంత దగ్గరి రైతు అయినా సరే, గుమ్మరించాల్సిందే. అన్ని బస్తాలు గుమ్మరించినవాణ్ని ఆదివారం పూట మా అరుగు మీద మాత్రం మూతి దగ్గర చూసి మురిసిపోయాను.

నేను అయిదో తరగతితో ఆగినవాణ్ని. మిగతాది పాత పుస్తకాలు, పేపర్లు, గోలీల డబ్బాల్లో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితాలు నేర్పాయి. పని మానేశాక చదవడానికి తీరిక దొరికింది. కామెర్లలో ఎక్కువ భాగం నీటి కలుషితం వల్ల వచ్చేవేనని, చాలామందికి వాటంతట అవే కొన్ని వారాల్లో తగ్గుతాయని అప్పుడే చదివాను. నా మూడు ఆదివారాల లెక్క కూడా అదే. పుస్తకం మూసేశాను. తగ్గే జబ్బు తగ్గుతుంటే నేను పక్కన నిలబడి కొబ్బరికాయలు తీసుకున్నానన్నమాట! మరి తగ్గని రకం, పిత్తనాళంలో రాయి అడ్డుపడ్డ రకం, లోపల గడ్డ పెరిగిన రకం, వాళ్లేమయ్యారు?

అప్పుడు నియమం తప్పాను. నాలుగేళ్ల కింద ఒకరోజు పరకాల బస్సు ఎక్కాను. ఆ పక్క ఊరి పత్తి రైతు ఒకతను మూడు ఆదివారాలూ వరుసగా వచ్చి, మళ్లీ కనిపించలేదు. ఒళ్లంతా దురద అని గోక్కుంటూ ఉండేవాడు, అందుకే గుర్తున్నాడు. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. అతని భార్య బయటికి వచ్చింది. నుదుట బొట్టు లేదు. నేనెవరో చెప్పగానే గాబరాగా కుర్చీ వేసింది.

"మాది తప్పైంది పెద్దయ్యా. మీకు కొబ్బరికాయ ఇయ్యరాకపోతిమి. పెద్దదవాఖానకు తోల్కపోయినంక, లోపల గడ్డ ఉన్నది, ముందుగాల తెస్తే కోసి తీసెటోళ్లమన్నరు. ఇగ ఆగమైపోయినం. మీ ఉసురు తగుల్తదని ఎన్నిసార్లు అనుకున్ననో!"

నన్ను చెప్పుతో కొట్టినా ఆ నొప్పి ఒక పూటకు తగ్గేది. ఆమె నన్ను క్షమించమని అడిగింది. మూడు ఆదివారాలు నేనే ఆపాను అతణ్ని, ఇంగ్లీషు మందు ముట్టొద్దని నేనే చెప్పాను. మూడు వారాల ముందు పోయినా బతికేవాడో లేదో నాకు తెలియదు. తెలియదన్న మాటే నా మీద ఇప్పటికీ బరువుగా ఉంది. ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి, చెప్పాల్సింది చెప్పకుండానే బస్సెక్కాను.

ఆ వారం నుంచి పసరు ఆపేశాను. అరుగు మీదికి వచ్చినవాళ్లకు, కళ్లు ఆనడం లేదు, ఆకు గుర్తుపట్టలేకపోతున్నా అని చెప్పాను. అందరూ అయ్యో అన్నారు.

ఆకులన్నీ అబద్ధమని నేను అనను. కడుపు ఉబ్బరానికి వాము నమిలితే నాకు ఈనాటికీ హాయిగా ఉంటుంది. ఒళ్లు నొప్పులకు వావిలాకు వేడినీళ్లు మంచివే. మెంతులు చక్కెరను కాస్త తగ్గించవచ్చని చదివాను. ఆ కాస్త అన్న చోటే ఆగాలి. ఏటూరునాగారం దిక్కు ఒక ముసలాయన ఉండేవాడు. తేలు కుడితే ఏదో వేరు అరగదీసి పూసేవాడు. పాము కాటని తెలిస్తే మాత్రం చెయ్యి కూడా పెట్టకుండా, జీపు మాట్లాడి దవాఖానకు తోలేవాడు. తన వేరు ఎంతవరకో అతనికి తెలుసు. ఈ ఫోన్లలోవాళ్లకు మాత్రం హద్దే లేదు. చక్కెర, రక్తపోటు, కిడ్నీ, కేన్సరు, అన్నిటికీ ఒకటే డబ్బా! చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని లేదట. మరి ప్రాణం తీసే గన్నేరుపప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

కోపం వాళ్ల మీదే కాదు. నా స్నేహితుడు ఏళ్లుగా చూపించుకున్న డాక్టరు ఒక్కసారి కూడా తలెత్తి అతనితో పూర్తి మాట మాట్లాడలేదు. చీటీ రాయడం, తర్వాతివాణ్ని పిలవడం. ఆ తెల్లబట్టలవాడు అరగంట సేపు కళ్లలోకి చూసి, అన్నా, నీ బాధ నాకు తెలుసు అని మాట్లాడాడు. మనిషి మాటకు పడిపోయాడంటే మాట కరువైనచోటు నుంచి వచ్చాడని అర్థం.

ఆ రోజు, ఈనాడు ఆకు పనిచేయదా అని అతను అడిగినప్పుడు ఇదంతా నా ముందు తిరిగింది. అతని భార్య చాయ్ తెచ్చింది. చల్లారేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా నల్లబడ్డ వేలు ఉంది. పక్క వేలు ఇంకా నల్లబడలేదు. నా పేరు నిలుపుకోవాలంటే ఊరుకోవాలి. కాలు నిలవాలంటే చెప్పాలి.

చెప్పాను. పరకాల బస్సు దగ్గర నుంచి ఆ రైతు భార్య మంచినీళ్లు ఇచ్చేదాకా అన్నీ చెప్పాను. కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతాయని కూడా చెప్పాను.

"అంటే నన్ను లేపింది నువ్వు కాదా?"

"కాదు తమ్మీ. నువ్వే లేచినవ్. నేను మజ్జిగ తాపిన."

కుట్టుమిషన్ చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు. "ముప్పై ఏండ్ల సంది ఎవ్వలు అడిగినా నా పానం ఈయన పెట్టిన భిక్ష అని చెప్పుకుంట తిరిగిన గదనే" అన్నాడు. గొంతులో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

ఆమె అప్పటికే సంచిలో లుంగీ, తువ్వాలు సర్దుతోంది. "మాట్లాడుడు అయినంక ఆటో పిలుస్తనా, మాట్లాడుకుంట ఎక్కుతరా?" అంది. ఎక్కాం.

దవాఖానలో కుర్ర డాక్టరు పుండు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "గోలీలు ఆపమని ఎవరు చెప్పారు?" అని అడిగాడు. నేను నేల చూశాను.

"ఎవ్వలు చెప్పలే సార్. నేనే ఆపిన" అన్నాడు నా స్నేహితుడు.

ఫోన్ ముచ్చట నేనే చెప్పాను. ఆ ఫోన్‌లోవాణ్ని ఇతను నమ్మడానికి ముందే నన్ను నమ్మాడని, నేను పసరు ఇచ్చేవాణ్నని కూడా చెప్పాను. డాక్టరు ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఏమన్నా అంటాడేమోనని నిలబడ్డాను. "తాతా, జర పక్కకు జరగండి, డ్రెస్సింగ్ చేయాలి" అన్నాడు. అంతే.

రెండు వేళ్లు తీసేశారు. ఇంకో వారం ఆగితే పాదం పోయేదని, ఆ పైన ఎక్కడిదాకా కోయాల్సి వచ్చేదో చెప్పలేమని అన్నారు. కాలు నిలిచింది.

అతను ఇంటికి వచ్చాక నేను రోజూ వెళ్లేవాణ్ని. ఆమె కట్టు విప్పుతుంటే నేను గిన్నె పట్టుకునేవాణ్ని. అతను నాతో వాన గురించి, కరెంటు గురించి మాట్లాడేవాడు. పసరు సంగతి ఒక్కటి ఎత్తేవాడు కాదు. మిషన్ ముందు మళ్లీ కూర్చున్న రోజున, కుడికాలితో మాత్రమే తొక్కుతూ, గుడ్డ మీద నుంచి కళ్లు ఎత్తకుండా అడిగాడు.

"పరకాల పోయొచ్చి ఎన్నేండ్లైతాంది భాయ్?"

"నాలుగు."

"నాలుగేండ్లు రోజు నా పక్కన్నే చాయ్ తాగినవ్. కండ్లు ఆన్తలేవని చెప్తే, పాపం అని నిన్ను కండ్లద్దాలకు నేనే తోల్కపోయిన."

మిషన్ ఆగింది.

"అప్పుడే చెప్తే నేను ఆ డబ్బా తెప్పిచ్చుకునేటోన్నే కాదు గద."

ఫోన్‌లోవాణ్ని తిట్టడానికి దొరికిన మాటల్లో ఒక్కటీ అప్పుడు నాకు పనికిరాలేదు. ఆమె లోపలి నుంచి నీళ్ల గ్లాసు, పొద్దటి గోలీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను గోలీ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, తెగిన దారాన్ని మళ్లీ సూదిలో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. నేను లేచి రాలేకపోయాను. అతనూ పొమ్మనలేదు.