కత్తెరక్క ఆట కళ్ళజోడు

కార్ఖానాలో అందరూ ఆవిడను కత్తెరక్క అనేవారు. బడి యూనిఫారాలూ ఆసుపత్రి కోట్లూ కుట్టే ఆ షెడ్డులోకి ఎన్ని కటింగ్ మిషన్లు వచ్చినా, కొత్త నమూనా ఏదైనా సరే, మొదటి గుడ్డ ఆవిడ చేతి కత్తెరతోనే తెగాలి. చెయ్యి నిలకడైనదే, మనిషికే నిలకడ లేదు. బల్ల దగ్గర్నుంచి కదిలిందంటే కాలు కాలిన పిల్లే. టీ కప్పు పట్టుకుని కిటికీ దాకా వెళ్ళేది, మళ్ళీ గుమ్మం దాకా వచ్చేది, ఈలోగా టీ చల్లారిపోయేది. బస్సు కోసం నిలబడటమంటే ఆవిడకి జైలు శిక్షే.

ఆ బస్టాపు వల్లే ఆవిడకి, బల్ల మీది బంతుల్ని కర్రతో అంచుల్లోని పాకెట్లలోకి కొట్టే పూల్ ఆట అబ్బింది. బస్టాపుకి ఎదురుగా, మందుల దుకాణం పై అంతస్తులో, నాలుగు బల్లల హాలు ఉండేది. దాన్ని నడిపే పెద్దాయన్ని ఆటగాళ్ళందరూ బాబాయ్ అని పిలిచేవారు. పదేళ్ళ క్రితం ఓ సాయంత్రం వాన పట్టుకుంటే ఆవిడ మెట్లెక్కి పైకెళ్ళింది. బల్లల చుట్టూ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. చూసి చూసి ఆయనకి విసుగెత్తింది.

“అమ్మా, నువ్వట్లా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది. ఇదిగో, ఈ కర్ర పట్టుకో. కనీసం పని మీద తిరిగినట్టుంటుంది,” అన్నాడు.

ఆ రోజు మూడు బస్సులు వెళ్ళిపోయాయి. ఆవిడకి తెలియనే లేదు.

కర్ర మీదకి వంగి, గడ్డం కర్రకి తగిలేంత కిందకి దించి, తెల్ల బంతి అవతల ఉన్న రంగు బంతిని చూసే ఆ నాలుగు క్షణాలూ ఆవిడ లోపలి పరుగు ఆగేది. ఆ నాలుగు క్షణాల కోసమే వారానికి మూడు సాయంత్రాలు వెళ్ళేది. ఆరేళ్ళు తిరిగేసరికి ఆ హాలు తరఫున ఆడే ఆడవాళ్ళలో ఆవిడే మొదటిది. ఊళ్ళోని హాళ్ళన్నీ కలిసి ఏటా పెట్టుకునే పోటీలో ఓ ఏడాది సెమీస్ దాకా వెళ్ళింది.

నలభై ఆరో ఏట కళ్ళు మొరాయించాయి. చిన్నప్పట్నుంచీ దూరం సైటు ఉంది. దానికి ఇప్పుడు చత్వారం తోడైంది. సుద్దగీత ఒకటి రెండుగా కనబడితే గుడ్డ ఏం కావాలి? భోజనం సెలవులో పరుగున వెళ్ళి ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకుంది. పైభాగంలో దూరం, కిందిభాగంలో దగ్గర, మధ్యలో గీతంటూ కనబడదు. ఫ్రేమ్ కూడా సన్నగా, నాజూగ్గా ఉన్నది ఏరుకుంది. కొత్తది ముక్కు మీదకి రాగానే, వెడల్పాటి పాత కళ్ళజోడుని దుకాణంలోని దానాల పెట్టెలో పడేసి వచ్చింది. ఆవిడ తొందర అలాంటిది.

కార్ఖానాలో ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం పూల్ బల్ల మీదకి వంగగానే తెలిసింది అసలు సంగతి. తల కిందకి దిగి చూపు పైకి లేస్తుంది కదా, కళ్ళు అద్దం పై అంచులోంచి చూస్తున్నాయి. సరిగ్గా అక్కడే ఫ్రేమ్ అడ్డం పడి బంతిని రెండు ముక్కలు చేస్తోంది. కింది ముక్క స్పష్టంగా ఉంది, పై ముక్క దూదిలా ఉంది. తల ఎత్తి ఆడితే బంతి కనబడింది గానీ మోచెయ్యి దారి తప్పింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఓ నర్సు హాలుకి కొత్తగా వస్తోంది. ఆ రోజు ఆమె చేతిలో వరసగా ఐదు ఆటలు ఓడిపోయింది.

“ఏంటక్కా, ఒంట్లో బాలేదా?” అని నర్సు నిజంగానే కంగారుపడింది. కత్తెరక్కకి ఆ జాలే ఎక్కువ మండింది.

ఇక మొదలైంది పరుగు. మర్నాడే ఒకే పవరున్న దూరపు అద్దాలు చేయించింది. గంటలో ఇస్తామన్న ఫ్రేమ్ తీసుకుంది, అదీ చిన్నదే. ముక్కు దగ్గర దూది అంటించి పైకి లేపింది, వంగగానే జారింది. రబ్బరుబ్యాండుతో తల వెనక్కి కట్టింది, చెవులు కందిపోయాయి. చివరికి విసుగొచ్చి కళ్ళజోడుని తలకిందులుగా తిప్పి పెట్టుకుంది. ఆశ్చర్యం, అద్దాలు పైకి లేచాయి, బంతి పూర్తిగా కనబడింది! కానీ కుడి కంటి అద్దం ఎడమ కంటికి వచ్చింది, రెండు కళ్ళ పవరూ ఒకటి కాదాయె. బంతులన్నీ నీళ్ళలో మునిగినట్టున్నాయి. హాల్లో నవ్వని వాడు లేడు.

ఆ వారమే కంట్లో పెట్టుకునే లెన్సులకి వెళ్ళింది. బంతి మీద గురి పెట్టినప్పుడు ఆవిడ రెప్ప వేసేది కాదు, దాంతో లెన్సులు ఎండి ఇసుక పోసినట్టు గరగరలాడేవి. రెప్ప వేస్తే ఎడమ లెన్సు కొంచెం పక్కకి తిరిగి, మళ్ళీ సర్దుకునేదాకా ఎనిమిదో నంబరు బంతికి నీడ పుట్టేది. పది రోజులకి డబ్బా మూసేసింది. లేజరు చేయించుకుంటానని కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన పరీక్షలన్నీ చేసి, “దూరం సైటు పోతుందేమో గానీ చత్వారం పోదమ్మా. పైగా మీ కళ్ళు ఇప్పటికే పొడిగా ఉన్నాయి. ఆట కోసమైతే నేను కత్తి పట్టను, కళ్ళజోడు దారే వెతుక్కోండి,” అన్నాడు.

ఇంటికొచ్చి గదిలో అటూ ఇటూ తిరిగింది. అత్తగారు మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

“ఏమే, నేలకి గోతులు పడతాయి, కూర్చో. కళ్ళకి మూడు జతలు కొన్నావు, నాకు చెవిమిషన్ ఒక్కటి తెమ్మంటే నీకు తీరికే లేదు.”

“రేపే తెస్తా అత్తయ్యా.”

“ఏంటీ?” అంది అత్తగారు.

భర్తది వాచీలు బాగుచేసే దుకాణం. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం తుడుచుకుంటూ చాలాసేపు భార్య నడకే చూశాడు.

“ఇదిగో, ఈ అద్దం పెట్టుకుని నేను బస్సు నంబరు చదవగలనా?” అన్నాడు.

“అదేం ప్రశ్నండీ?”

“చదవలేను. ఇది వాచీ కోసం చేసింది. నువ్వు నడవడానికి చేసినవాటితో ఆడుతున్నావు. ఆడేటప్పుడు నీ కన్ను ఎక్కడుంటుందో ఎవరైనా కొలిచారా?”

ఆవిడ నడక ఆగింది. ఎవరూ కొలవలేదు. కొలవనిచ్చేంత సేపు తనూ కుర్చీలో కూర్చోలేదు. గుడ్డ కొలవకుండా కత్తెర పెట్టేవాళ్ళని రోజుకి పదిసార్లు తిట్టే మనిషి తను.

భర్తకి తెలిసిన ఓ చిన్న కళ్ళద్దాల కొట్టులో కళ్ళు పరీక్షించే అమ్మాయి ఉంది. నెమ్మది మనిషి, ప్రశ్న అడిగాక జవాబు పూర్తిగా వచ్చేదాకా ఆగేది, వచ్చాక కూడా ఇంకాసేపు ఆగేది. కత్తెరక్కకి ప్రాణం ఉసూరుమంది. అంతా విని ఆ అమ్మాయి, “ఇక్కడ కుదరదక్కా. మీరు వంగితే గానీ నాకు తెలీదు. ఆదివారం నేనే మీ హాలుకి వస్తాను,” అంది.

అన్నట్టే ఆదివారం మధ్యాహ్నం టేపూ నమూనా ఫ్రేములూ సంచిలో వేసుకుని వచ్చింది. పెద్ద అద్దాలున్న ఓ ఫ్రేమ్ ఆవిడకి తొడిగి, “మామూలుగా ఆడండి, నా కోసం ఆగొద్దు,” అంది. కత్తెరక్క వంగగానే బల్ల పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చాచి కంటిపాపకి ఎదురుగా అద్దం మీద సన్నటి పెన్నుతో చుక్క పెట్టింది. మళ్ళీ లేవమంది, మళ్ళీ వంగమంది. అలా ఆరుసార్లు. చుక్కలన్నీ అద్దం పై మూలలో, ముక్కు వైపున గుంపుగా పడ్డాయి.

“చూశారా, మీరు చూసేది ఇక్కణ్ణుంచి. మామూలు కళ్ళజోళ్ళలో ఇక్కడ ఫ్రేమే ఉంటుంది. సరే, ఏ కంటితో గురి చూస్తారు?”

“కుడి. చెయ్యి కుడిదేగా.”

రెండు చేతులూ చాచి మధ్యలో చిన్న సందు చేసి బంతిని చూడమంది ఆ అమ్మాయి. ఒక్కో కన్నూ మూయించింది. కుడికన్ను మూసినా బంతి సందులోనే ఉంది, ఎడమకన్ను మూయగానే మాయమైంది. పదేళ్ళుగా తన గురి ఎడమకంటిదని కత్తెరక్కకి తెలియదు. ఒళ్ళు మాత్రం ఎప్పుడో కనిపెట్టి, ముఖాన్ని కాస్త కుడివైపుకి తిప్పుకుంది. బాబాయ్ కుర్చీలోంచి లేచొచ్చి, “అందుకే నువ్వు బంతిని కోడిలా ఓరగా చూస్తావు. నేను పొగరనుకున్నా!” అన్నాడు.

“ఇంకొక్కటక్కా,” అంది ఆ అమ్మాయి. “మీ వయసుకి ఒకే అద్దంలో కర్ర మొనా, దూరం బంతీ రెండూ సూదిలా కనబడవు. ఏదో ఒకటి కొంచెం మెత్తబడాలి. కొట్టే ముందు చివరిగా దేన్ని చూస్తారు?”

కత్తెరక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “బంతినే. కత్తెర మొనని చూస్తూ కత్తిరిస్తే గీత వంకర పోతుంది. చూపు ముందుండాలి, మొన దానంతటదే వస్తుంది.”

ఒకే పవరు, కనుబొమల పైదాకా వచ్చే ఎత్తయిన అద్దాలు, వాటిని కొంచెం ముందుకి వంచి నిలబెట్టే ముక్కుపట్టీ. రావడానికి పన్నెండు రోజులన్నారు. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో వాళ్ళకి నరకమే. అల్మారాలు సర్దింది, సర్దినవి మళ్ళీ సర్దింది, అత్తగారికి చెవిమిషన్ తెచ్చింది. తెచ్చాక అత్తగారికి కోడలి అడుగుల చప్పుడు కూడా వినబడి, మిషన్ తీసి దిండు కింద పెట్టేసుకుంది.

కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ముఖానికి రెండు కిటికీలు బిగించినట్టుంది. నాలుగడుగులు వేస్తే నేల పైకి లేచి వస్తున్నట్టుంది. హాలుకి వెళ్ళి వంగింది. బంతి పూర్తిగా, అంచు అంచునా, గీసినట్టు కనబడింది. కొట్టింది. పాకెట్‌కి జానెడు దూరంలో పోయింది.

మరొకటి. అదీ పోయింది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద విసరబోయింది. బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“నెలన్నర పాటు తప్పుగా కనబడినదానికి చేతిని అలవాటు చేశావు. ఇప్పుడు చెయ్యి పాత లెక్కలోనే ఉంది. దానికీ టైమివ్వాలా, వద్దా?”

టైమివ్వడం. ఆవిడకి రాని విద్య అదొక్కటే. అయినా రోజూ గంటసేపు, ఎవరితోనూ పోటీ పడకుండా, ఒకే బంతిని ఒకే పాకెట్‌లోకి కొట్టింది. నాలుగు రోజులకి నేల సర్దుకుంది. రెండో వారం చివరికి చెయ్యి కూడా దారిలోకి వచ్చింది.

ఆ ఏడు పోటీ మొదటి రోజున రెండు ఆటలు నెగ్గింది. దూరపు మూలనున్న పసుప్పచ్చ బంతిని పలకరించినంత తేలిగ్గా లోపలికి పంపినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. మూడో ఆటలో ఎదురుగా నర్సు. చెరో రెండు రౌండ్లు నెగ్గారు. చివరి రౌండులో, పడేస్తే గెలిచినట్టేనన్న నల్ల బంతి పాకెట్ ముందే కూర్చుంది. కత్తెరక్కకి అది ఎంత స్పష్టంగా కనబడిందంటే, దాని మీద దీపాల వరస కూడా లెక్కపెట్టగలిగేది. లెక్కపెట్టలేదు. చకచకా వంగి కొట్టేసింది. నల్ల బంతి పడింది. దాని వెనకే తెల్ల బంతీ పడింది. రెండూ కలిసి పడితే ఓడినట్టే. ఆట పోయింది.

బయట మెట్ల మీద భర్త కనిపిస్తే, “కళ్ళ మీద నెట్టడానికి కూడా లేదండీ, అంతా కనబడింది. ఇంకో క్షణం ఆగాల్సింది,” అంది. గొంతులో కోపం ఉంది గానీ, ఆ నెలన్నర దిగులు లేదు. ఆయన ఆవిడని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నర్సు దిగి వచ్చింది. గెలిచిన ముఖంలా లేదు.

“అక్కా, ఒక మాటడగనా? నాకు కూడా వంగినప్పుడు బంతి అంచు మసగ్గా ఉంటోంది. ఎవరికీ చెప్పలేదు. అదెక్కడ చేయించారు?”

కత్తెరక్క లేచి నిలబడింది. “కొట్టు ఇంకో అరగంట తెరిచుంటుంది. నడుస్తావా?”

“ఇప్పుడా? నా ఆట మళ్ళీ రేపే గానీ, ఇవాళ్టి మిగతావి చూడరా?”

“ఎవరు గెలిచారో రేపు బాబాయ్ చెప్తాడులే,” అంటూ కత్తెరక్క అప్పటికే మెట్లు దిగిపోతోంది. నర్సు కర్ర సంచి భుజాన వేసుకుని వెనకాలే పరుగెత్తింది.