సాక్షి ట్యూబు

ఆ రోజు నా చుక్క ట్యూబు అంచుకు తగిలిందా, లేదా? డిగ్రీ రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. అప్పుడు నా పక్కన నిలబడి చూసిన ఒకే ఒక్క మనిషి, చోడవరంలో మా కాలేజీ ల్యాబ్ అటెండరు, పోయిన వారం కన్నుమూశారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం.

తొంభైల్లో మా ల్యాబ్‌ అంటే ఒక ప్రెషర్ కుక్కరు, ఒక కిరోసిన్ స్టవ్వు, బాబాయ్. ఆయన ట్యూబులు కడిగి, పోషక ద్రవం పోసి, దూది బిరడాలు చుట్టి, కుక్కర్లో ఉడికించి, కిటికీ వెలుతురులో ఒక్కొక్కటే తిప్పి చూసేవారు. ప్రతి వరసలోనూ మేమెవ్వరం ముట్టుకోకూడని ట్యూబు ఒకటి అదనంగా పెట్టేవారు. ఎందుకని అడిగితే, "ఆడు సాచ్చి. రేపు ఎవులేటన్నా ఆడే సెప్తాడు" అనేవారు.

ఆ యేడు మా ప్రాక్టికల్ పేగుల్లో బతికే బాక్టీరియా మీద. ఎవరి ఊరి పచ్చిపాలు వాళ్లు తెచ్చి, అందులోంచి దాన్ని వేరుచేసి, పోషక ద్రవంలో చుక్క వేసి, అరవై డిగ్రీల వేడినీళ్లలో అరగంట ఉంచాలి. అది చచ్చిపోవాలి. మర్నాటికి అందరి ట్యూబులూ తేటగా ఉన్నాయి. రోలుగుంట పాలతో చేసిన నాది మాత్రం బియ్యం కడిగిన నీళ్లలా మసకబారింది. అంటే అందులో ఏదో బతికి పెరిగింది.

ప్రాక్టికల్ చేయించే మేడమ్ నన్నేమీ అనలేదు. బాబాయ్ వైపు తిరిగి, "ట్యూబులు సరిగ్గా కడగవా?" అన్నారు.

బాబాయ్ సాక్షిని ఎత్తి చూపించారు. "ఇదీ నా సేత్తో కడిగిందే మేడమ్. తేటగుంది సూడండి."

"ఒక్కటి కడిగితే సరిపోతుందా?"

నేను తల దించుకున్నాను. చుక్క వేసేటప్పుడు నా చెయ్యి వణికింది. అది అంచుకు తగిలి, వేడినీళ్లకు పైన ఉండిపోతే చావదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మార్కులు పోతాయని మింగేశాను. బాబాయ్‌ని ఏడాది చివరిదాకా గంట కొట్టే పనికి మార్చేశారు. ఆ గంటనూ ఆయన నిమిషం తేడా లేకుండా కొట్టారు.

చాలా ఏళ్లకు, విశాఖలో పాఠాలు చెప్పుకుంటున్నప్పుడు, ఒక సంగతి చదివి ఆయన దగ్గరికి బయలుదేరాను. పేగుల్లోని ఈ బాక్టీరియాలో కొన్ని అంత వేడినీ తట్టుకుంటాయట. వేడికి చెడిన ప్రొటీన్లను చక్కదిద్దే జన్యువులు వాటికి ఉంటాయి. అవి తల్లి కణం నుంచే రానక్కర్లేదు. చోటు మారే డీఎన్ఏ ముక్కలతో పాటు పక్కనున్న బాక్టీరియా నుంచి, ఒక్కోసారి వేరే జాతి నుంచి కూడా వచ్చి చేరతాయి.

బాబాయ్ శ్రద్ధగా విన్నారు. "పరీచ్చ హాల్లో స్లిప్పులందించుకున్నట్టన్నమాట. ఒకడు రాసుకొస్తే బెంచీ అంతా పాసు" అని నవ్వారు. తరవాత మెల్లగా, "అయితే నా కడుగుడు మంచిదే" అన్నారు.

"మంచిదే బాబాయ్. కానీ ఆ రోజు నా చెయ్యి..."

"వొణికింది. సూసేను."

"మరి మేడమ్‌తో ఎందుకు చెప్పలేదు?"

"వొణకడం సూసేను గానీ, సుక్క తగల్డం సూళ్లేదమ్మా. సూడందాన్ని ఎలా సెప్తాను?"

వాళ్లింటి కిటికీలో ఒక ట్యూబు కనిపించింది. ఆనాటి సాక్షి. మూతిని మైనంతో మూసి దాచుకున్నారు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని నా విద్యార్థులకు చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది.

మొన్న వాళ్లమ్మాయి ఆ ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీకిమ్మన్నారు" అంది. ద్రవం రంగు కొంచెం ముదిరింది, అంతే. ఆయనలాగే వెలుతురులో తిప్పి చూశాను. అవతలి కిటికీ ఊచలు అందులోంచి స్పష్టంగా కనిపించాయి. బాబాయ్ చేతి సంగతి ఎప్పుడో తేలిపోయింది. నా ట్యూబులో ఆ రోజు బతికింది వేడిని తట్టుకున్న జీవో, వేడే తగలని నా చుక్కో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.